తాకకుండా ఊపిరి లెక్కించే రాడారు

నిద్రపోతున్న మీ చెల్లాయినో తమ్ముణ్ణో కాసేపు గమనించండి. ఛాతీ మెల్లగా పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. చేతిలో గడియారం ఉంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో చెప్పేయవచ్చు. మరి గది చీకటిగా ఉంటే? మధ్యలో ఇటుక గోడ ఉంటే? మన కన్ను ఓడిపోతుంది. అక్కడ కూడా రాడారు పనిచేస్తుంది.

విమానాన్ని పట్టే రాడారెక్కడ, ఊపిరెక్కడ అంటారా? లెక్క వేసి చూద్దాం.

ఒక పరికరం సెకనుకు 1000 కోట్ల కంపనాలు గల మైక్రో తరంగాలను పంపుతోంది అనుకోండి. వాటి వేగం కాంతి వేగమే, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. భాగిస్తే ఒక్కో తరంగం పొడవు 30 మిల్లీమీటర్లని తేలుతుంది. గాలి పీల్చినప్పుడు ఛాతీ 5 మి.మీ. ముందుకు వచ్చిందనుకుందాం. తరంగానికి పోయేటప్పుడు 5, తిరిగి వచ్చేటప్పుడు 5, మొత్తం 10 మి.మీ. దారి తగ్గింది. అంటే తరంగం పొడవులో మూడో వంతు. పూర్తి తరంగాన్ని 360 డిగ్రీలుగా లెక్కిస్తే, తిరిగి వచ్చిన తరంగం 120 డిగ్రీలు జరిగిందన్నమాట. ఈ జరుగుబాటునే దశలో మార్పు అంటారు. పంపిన తరంగాన్నీ, తిరిగి వచ్చినదాన్నీ పోల్చి చూసే వలయానికి ఇది చాలా పెద్ద తేడా.

గుండె సంగతి ఇంత సులువు కాదు. అది కొట్టుకున్నప్పుడు ఛాతీ అర మిల్లీమీటరైనా కదలదు. పావు మి.మీ. అనుకుంటే వచ్చే తేడా 6 డిగ్రీలే! పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, గుండె 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. కాబట్టి రెంటినీ సులభంగా వడకట్టవచ్చునని మీరనవచ్చు. చిక్కేమిటంటే, వీణ తీగను మీటితే అసలు స్వరంతో పాటు రెండు, మూడు, నాలుగు రెట్ల స్వరాలు కూడా సన్నగా పలుకుతాయి. ఊపిరీ అంతే. నిమిషానికి 20 ఊపిరులుంటే 40, 60, 80 దగ్గర కూడా వాటి నీడలు పడతాయి. సరిగ్గా గుండె ఉండే చోటే! తొలినాటి ప్రయోగాల్లో మనిషిని కాసేపు ఊపిరి బిగబట్టమనేవారు. ఇప్పుడా పనిని చాలావరకు కంప్యూటరు లెక్కలు చేస్తున్నాయి.

అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2015లో ప్రకటించిన పరికరం 8 మీటర్ల దూరం నుంచి, పక్క గది నుంచి కూడా ఊపిరినీ గుండెనూ లెక్కించింది. ఒంటరిగా ఉండే తాతగారు స్నానాల గదిలో జారిపడితే కనిపెట్టడానికి అక్కడ కెమెరా పెట్టలేం కదా! రాడారు ఫోటో తీయదు. మైక్రోవేవ్ పొయ్యి గుర్తొచ్చి భయపడకండి. పొయ్యి శక్తి వందల వాట్లు, ఈ పరికరాలు పంపేది వాటులో వెయ్యో వంతుల్లో. అయితే గోడ అవతలి ఊపిరిని అడగకుండా లెక్కించడం మర్యాద కాదని నా అభిప్రాయం.

ఇంట్లో అడ్డం ఒక్క గోడే. భూకంపంలో ఇల్లంతా మీద పడుతుంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య కున్-ము చెన్, ఆయన సహచరులు 1986లో వివరించిన పరికరం 30 మీటర్ల దూరంలో నేలమీద పడుకున్న మనిషి ఊపిరిని పట్టింది. కాని దాని తరంగాలు మనం లెక్కవేసిన 3 సెంటీమీటర్లవే. దట్టమైన శిథిలాల్లోకి అవి దిగవు. అందుకని ఆ బృందం తర్వాత సెకనుకు 115 కోట్ల కంపనాల తరంగాలను వాడింది. వీటి పొడవు 26 సెం.మీ. లోపలికి బాగా దిగుతాయి, కాని దానికి మూల్యం ఉంది. అదే 5 మి.మీ. ఊపిరికి ఇప్పుడు 14 డిగ్రీల తేడాయే వస్తుంది. పైగా రాళ్ళ నుంచి వచ్చే ప్రతిధ్వని ఊపిరిని ముంచేస్తుంది. అయితే రాయి కదలదు. మారకుండా వచ్చే ప్రతిధ్వనికి సరిగ్గా ఎదురు తరంగాన్ని కలిపి రద్దు చేస్తారు. మిగిలేది కదిలేదే.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో తయారైన 'ఫైండర్' అనే పెట్టెడు రాడారును చౌతారా పట్టణానికి తీసుకెళ్ళారు. కూలిన రెండు భవనాల కింద, ఇటుకలూ మట్టీ కలపా కలిసి 10 అడుగుల దాకా పేరుకున్న చోట అది గుండె చప్పుడు పసిగట్టింది. నలుగురు మనుషులు ప్రాణాలతో బయటికి వచ్చారు.

ఇలాంటి రాడారు పనిచేసేటప్పుడు రక్షకులు దానికి దూరంగా జరగాలి. లేకపోతే అది వాళ్ళ ఊపిరినే లెక్కపెడుతుంది!