బడిలో తెర, ఉపాధ్యాయుని చేతిలో పగ్గము

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు నేనొక గ్రామమునకు పోయితిని. ఆ ఊరి సర్పంచి నన్ను పాఠశాలకు తోడ్కొని పోయి, ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక మూల దుప్పటి కప్పియుంచిన పెద్ద టెలివిజన్ తెరను చూపెను. తరగతి గదిలోని ప్లగ్గు కాలిపోయి నాలుగు నెలలైనదట. బాగు చేయించి వాడుకొనవచ్చును గదా యని నేనడిగితిని. మధ్యలో తెర చెడినచో ఆ నష్టము తన మీద పడునేమోయని ఉపాధ్యాయుని భయము. సర్పంచి నన్ను సూటిగా అడిగెను: "అయ్యా, ఇంత ఖరీదైన వస్తువు మా బడికి వచ్చింది. మా పిల్లలకు ఏం ఒరిగింది?"

నేనప్పుడు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయితిని. ప్రతి పంచాయతీ సభ్యుడును అడుగదగిన ప్రశ్న యది. దానికి సమాధానము కావలెనన్న మనము సుమారు ఏబది యేండ్లు వెనుకకు పోవలెను.

ఆకాశమునుండి వచ్చిన పాఠము

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశములో ఒక గొప్ప ప్రయోగము ఆరంభమైనది. ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజన్ పాఠములు అందించుట దాని ఉద్దేశము. ఆ ప్రయోగమును 'సైట్' అను పొట్టి పేరుతో పిలిచిరి. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా తన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహమును ఒక సంవత్సరముపాటు మనము వాడుకొనుటకు ఇచ్చినది. ఇస్రో, ఆకాశవాణి కలిసి కార్యక్రమములను నడిపినవి. నాటి ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్య ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఆ ప్రసారములు అందినవి. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహము పంపు సంకేతములను అందుకొనుటకు, కోళ్ళగూళ్ళకు వాడు ఇనుపవలతో మూడు మీటర్ల వెడల్పు గల గొడుగువంటి ఆంటెన్నాను కట్టిరి. టెలివిజన్ పెట్టెలు తయారైనది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమునందే.

సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములపై ప్రసారములుండెడివి. ఉదయము గంటన్నర కాలము 5 ఏండ్లు మొదలు 12 ఏండ్ల వరకు గల బాలబాలికలకు కేటాయింపబడెను. ఆ గంటన్నరను తెలుగు, కన్నడము, హిందీ, ఒరియా అను నాలుగు భాషలు పంచుకొనగా ఒక్కొక్క భాషకు ఇరువది రెండున్నర నిమిషములు వచ్చినవి.

ఇరువది రెండున్నర నిమిషములు! పాఠశాల పనివేళలో అది యెంత? మిగిలిన కాలమంతయు ఉపాధ్యాయునిదే. పైగా ఆనాటి పాఠము ఒకసారి వచ్చి పోవునదే గాని, ఆపుటకు గాని వెనుకకు త్రిప్పుటకు గాని వీలు లేదు. చూచిన పాఠము పిల్లల తలకెక్కవలెనన్న ముందు వారిని సిద్ధము చేయవలెను, తరువాత ప్రశ్నించవలెను. ఈ పని తెర చేయజాలదు.

ప్రయోగము నడిపినవారు ఈ సంగతి గుర్తించిరి. కావున పిల్లలకు మాత్రమే పాఠములు చెప్పి ఊరకుండక, సెలవులలో సుమారు 50 వేలమంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చిరి. ఆ శిక్షణలో టెలివిజన్ ఒక భాగము మాత్రమే. దానికి తోడు రేడియో పాఠములు, అచ్చు పుస్తకములు, స్వయముగా చేసి చూచు ప్రయోగములు, తోటి ఉపాధ్యాయులతో చర్చలు ఉండెను.

1976 జూలై 31వ తేదీతో ఆ ప్రయోగము ముగిసినది. ఉపగ్రహము వెడలిపోయినది. నేర్చుకొన్న ఉపాధ్యాయుడు ఊరిలో మిగిలినాడు.

తెర చేయగలది, చేయలేనిది

అటుపిమ్మట సాధనములు ఎన్నియో వచ్చినవి. విద్య కొరకే ఉద్దేశింపబడిన ఎడ్యుశాట్ ఉపగ్రహమును 2004 సెప్టెంబరు 20వ తేదీన శ్రీహరికోట నుండి ప్రయోగించిరి. 2017లో కేంద్ర ప్రభుత్వము 'దీక్ష' అను వేదికను ప్రారంభించెను. నేడు పాఠ్యపుస్తకములోని క్యూ.ఆర్. గుర్తును ఫోనుతో చూచినచో దానికి సంబంధించిన పాఠము కనబడును. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠములు టెలివిజన్ ద్వారా ఇండ్లకే వచ్చినవి. ఫోను గాని టెలివిజన్ గాని లేని ఇంటి పిల్లలు ఎంత నష్టపోయిరో కూడ ఆనాడే తెలిసివచ్చినది.

తెర చేయగల మేలు తక్కువది కాదు. కొట్టుకొనుచున్న గుండెను, సముద్రపు అడుగును, వారముల తరబడి సాగు మొలక పెరుగుదలను అది నిమిషములలో చూపగలదు. కాని వెనుక వరుసలోని పిల్లవాడు తీసివేత లెక్కలో అప్పు తెచ్చుకొనుట యెక్కడ తప్పుచున్నాడో అతని మొగము చూచి కనిపెట్టి, నాలుగు చింతగింజలు చేతికిచ్చి సరిదిద్దువాడు ఉపాధ్యాయుడే.

గ్రహణమును గూర్చిన పాఠమును తీసికొందము. సమర్థుడైన ఉపాధ్యాయుడు ముందుగా తెరను వెలిగింపడు. "చంద్రుడు ఎందుకు మాయమగును?" అని పిల్లలనడిగి, వారి సమాధానములను నల్లబల్లపై వ్రాయును. పిదప రెండు నిమిషముల చిత్రమును చూపి ఆపును. ఒక పిల్లకు టార్చిలైటు, ఇద్దరికి రెండు బంతులు ఇచ్చి సూర్యుని, భూమిని, చంద్రుని వారిచేతనే ఆడించును. చివరకు మొదటి ప్రశ్ననే మరల వేయును. తెర పని రెండు నిమిషములు, ఉపాధ్యాయుని పని నలుబది నిమిషములు.

ఉపాధ్యాయ నాయకత్వమనగా ఇదియే. అది పదవి కాదు. ఏ పాఠమునకు తెర కావలెనో, దేనికి అక్కరలేదో తానే నిర్ణయించుట, తనకు తెలిసినది తోటివారికి నేర్పుట, తెలియనిది వారినుండి నేర్చుకొనుట దాని లక్షణములు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇందు పంచాయతీకేమి సంబంధమని కొందరడుగవచ్చును. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. వానిలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య 17వది. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో స్థానిక సంస్థల ప్రతినిధులకు స్థానము కలదు. అందు నాలుగింట మూడు వంతులు పిల్లల తలిదండ్రులు, సంరక్షకులు ఉండవలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయునది ఈ సంఘమే.

కావున మొదటి పని, గదిని సిద్ధము చేయుట. ప్లగ్గు, ఎర్తు తీగ, ఎండ తెరపై పడకుండ కిటికీకి తలుపు, వాన కురియని పైకప్పు - ఇవి లేనిదే ఎంత విలువైన తెరయైనను దుప్పటి క్రిందనే యుండును. వీనిని పాఠశాల ప్రణాళికలో వ్రాయించుడు.

రెండవది, భయమును పోగొట్టుట. వాడినందున చెడిన వస్తువునకును, అశ్రద్ధచే చెడిన వస్తువునకును భేదము కలదు. మరమ్మతు ఎవరికి తెలుపవలెనో, ఎన్ని దినములలో జరుగవలెనో ముందే నిర్ణయించుకొనిన ఉపాధ్యాయుడు ధైర్యముగా వాడును.

మూడవది, ఉపాధ్యాయుని కాలమును కాపాడుట. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికల విధులు తప్ప విద్యేతరమైన ఇతర పనులకు ఉపాధ్యాయులను నియోగింపరాదని చట్టము చెప్పుచున్నది. ఊరి పనులకు వారిని పిలుచుటకు ముందు ఈ మాట తలచుకొనవలెను.

నాలుగవది, సరియైన ప్రశ్న అడుగుట. "బడిలో ఎన్ని యంత్రములున్నవి?" అని గాక, "ఈ నెల ఏ పాఠమునకు వాడితిరి? పిల్లలకు ఏమి తెలిసినది?" అని అడుగుడు. ఆ ప్రశ్న ఆజ్ఞవలె గాక ఆసక్తివలె వినబడవలెను.

ఈ వర్షకాలములో నేను మరల ఆ గ్రామమునకు పోయితిని. పంచాయతీ, తలిదండ్రులు కలిసి ప్లగ్గును బాగు చేయించిరి. వాడుకలో వస్తువు చెడినచో ఉపాధ్యాయుని తప్పుపట్టక మరమ్మతునకు తోడ్పడుదుమని తీర్మానము వ్రాసికొనిరి. తెర తరగతి గది గోడకెక్కినది. గ్రహణ పాఠము ముగించి పిల్లలు వసారాలో బంతులతో ఆడుకొనుచుండిరి.

సర్పంచి ఈ పర్యాయము నన్నేమియు అడుగలేదు. బంతి పట్టుకొన్న బాలికను పిలిచి, "చంద్రుణ్ణి పాము మింగిందటగా పాపా?" అని అడిగెను.

"లేదు సర్పంచమ్మా, మన భూమి నీడే పడింది. రా, చూపిస్తా" అని ఆ బాలిక ఆమె చేయి పట్టుకొని వసారాలోనికి తీసికొని పోయెను.