కరవు నేల అడిగే లెక్క

నాయకుల సొంత ఆస్తులపై అనంతపురం జనం తీర్పు ఒక్కొక్కరి విషయంలో ఒక్కోలా ఎందుకుంటుంది?

రాజకీయ నాయకుల సొంత ఆస్తి విషయంలో ప్రజల స్పందన అందరిపట్లా ఒకేలా ఉండదు. ఒకరి కోట్లను చూసి ఊరు మండిపడుతుంది. మరొకరి కోట్లను అదే ఊరు చూసీచూడనట్టు వదిలేస్తుంది. ఇంకొకరి కోట్లను తన సొంతమన్నంత గర్వంగా చెప్పుకుంటుంది. అనంతపురం పీఠభూమిలో ఈ తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఏడాదికి సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు. అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. శనక్కాయ పంట ఎండిపోతే బెంగళూరుకో కేరళకో మూట కట్టుకుని పోవడం ఈ నేలమీద తరాలుగా సాగుతున్న బతుకు. ఇలాంటిచోట నాయకుడి ఆస్తి ఎంత అన్న ప్రశ్న కాలక్షేపం కబురు కాలేదు.

నాయకుడికీ జనానికీ మధ్య దూరం ఎంత ఉందో రెండు అంకెలు చెబుతాయి. అభ్యర్థుల ప్రమాణపత్రాలను పరిశీలించే ఏడీఆర్ సంస్థ 2025 మార్చి నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోని 174 మంది ఎమ్మెల్యేల ప్రకటిత ఆస్తుల మొత్తం ₹11,323 కోట్లు. అంటే సగటున ఒక్కొక్కరికి ₹65 కోట్లు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ₹931 కోట్లతో, మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ₹757 కోట్లతో దేశంలోని అత్యంత సంపన్న ఎమ్మెల్యేల తొలి పదిమందిలో ఉన్నారు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి ₹300. వంద రోజుల పని పూర్తిగా దొరికిన కుటుంబానికి ఏడాదికి వచ్చేది ₹30,000. సగటు ఎమ్మెల్యే ఆస్తి 21 వేలకు పైగా కుటుంబాల ఏడాది ఉపాధి కూలితో సమానం.

ఈ అంతరం తెలిసీ జనం స్పందన ఒకే తీరున లేదంటే కారణం వారి అమాయకత్వం కాదు. నాయకుడి ఆస్తిని ఈ జిల్లా అది ఎంత అన్నదాన్ని బట్టి తూచదు. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎటు పోయింది అన్నవే ఇక్కడి కొలతలు.

పాత కొలతలు

ఈ చూపు కొత్తది కాదు. హిందూపురం దగ్గరి లేపాక్షి వీరభద్రాలయం గురించి జనం చెప్పుకునే కథే అందుకు సాక్ష్యం. విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలంలో కోశాధికారి విరూపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడు. రాజు కళ్లు తీయించమని ఆజ్ఞాపిస్తే విరూపణ్ణ తన కళ్లు తానే పెకలించుకుని గోడకేసి కొట్టాడు. గోడమీది ఎర్రటి మరకలు ఆ నెత్తుటి గుర్తులేనని ఇప్పటికీ చూపిస్తారు. ఈ ఐతిహ్యంలో చట్టం రాజు పక్షాన ఉంది, జనం మనసు మాత్రం విరూపణ్ణ వైపుంది. సర్కారు సొమ్ము ఖర్చుచేసినా సొంతానికి మిగుల్చుకోలేదన్నది అతనికి దక్కిన క్షమకు మూలం.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి ఎన్నికల్లో ఈ కొలత మరో రూపంలో కనిపించింది. 1952లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి పోటీపడిన ఇద్దరూ బావమరుదులు. కాంగ్రెస్ పక్షాన ఇల్లూరు గ్రామానికి చెందిన నీలం సంజీవరెడ్డి, కమ్యూనిస్టు పక్షాన తరిమెల నాగిరెడ్డి. గెలుపు నాగిరెడ్డిది. భూస్వామ్య కుటుంబంలో పుట్టి, భూమిలేని కూలీల పక్షాన నిలబడిన మనిషిగా, సొంత భూమిని పేదలకు వదులుకున్న నాయకుడిగా జిల్లా ఆయనను గుర్తుంచుకుంది. 1969లో శాసనసభ సభ్యత్వాన్నీ వదిలి పోరాట మార్గం పట్టారు. ఆ మార్గంతో ఏకీభవించనివారు కూడా ఆయన త్యాగాన్ని శంకించలేదు.

ఓడిన సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రెండోసారి ఆ పదవిలో ఉండగా, 1964లో కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా రాజీనామా చేశారు. 1977లో రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాక, పేద దేశపు అధిపతికి ఇంత జీతం, ఇంత భవనం ఎందుకంటూ జీతంలో 70 శాతం వదులుకుంటానని, రాష్ట్రపతి భవన్ నుంచి చిన్న ఇంటికి మారతానని ప్రకటించారు. రాజకీయంగా ఎదురెదురుగా నిలిచిన ఈ ఇద్దరినీ జిల్లా గౌరవించడానికి వారిద్దరికీ ఉమ్మడిగా ఉన్న గుణం ఒకటుంది: పదవి, ఆస్తి తమకంటే పెద్దవని వారు అనుకోలేదు.

కాగితం మీదికొచ్చిన ఆస్తి

అప్పట్లో నాయకుడి ఆస్తి ఊరి నోటిలో మాత్రమే ఉండేది. అది అధికారిక కాగితం మీదికి వచ్చింది 2002 తర్వాతే. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, నేరచరిత్ర, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ హక్కును కుదించేందుకు పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 33బి సెక్షన్ చేర్చింది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు దానినీ కొట్టేసింది. అప్పటినుంచి నామినేషన్‌తోపాటు ఆస్తుల ప్రమాణపత్రం తప్పనిసరి అయింది. అందులో గడులు ఖాళీగా వదిలితే నామినేషన్ చెల్లదని 2013లో, ఆస్తితోపాటు ఆదాయ మార్గాలూ చెప్పాల్సిందేనని 2018లో కోర్టు తేల్చింది. భార్య లేదా భర్త, ఆధారపడినవారి ఆస్తులు, గత అయిదేళ్ల ఆదాయ వివరాలు కూడా ఇప్పుడు ఫారం 26 అనే ఆ ప్రమాణపత్రంలో రాయాలి.

ఈ పత్రాలు రావడంతో స్పందన తీరు మారింది. నామినేషన్ల వారంలో పత్రికలు ఎవరి ఆస్తి ఎంతో పట్టికలు వేస్తాయి. గత ఎన్నికకూ ఈ ఎన్నికకూ మధ్య పెరుగుదల ఎంతో లెక్కగడతాయి. పత్రాన్ని చూసిన ఓటరు మొదట అనేమాట ఆశ్చర్యంగానో ఆగ్రహంగానో ఉండదు, అపనమ్మకంగా ఉంటుంది. సొంత కారు లేదని రాసిన నాయకుడి వెంట కార్ల వరస నడుస్తుంటే, కాగితంలోని అంకె కంటే కళ్లముందరి దుమ్మునే జనం నమ్ముతారు.

ఓబుళాపురం నేర్పింది

సంపద ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న అనంతపురం జిల్లాలో అన్నిటికంటే గట్టిగా వినిపించింది ఓబుళాపురం గనుల దగ్గర. డి.హీరేహాళ్ మండలంలోని ఈ ఊరు బళ్లారి సరిహద్దులో ఉంది. చైనాకు ఇనుప ఖనిజం ఎగుమతి జోరుగా సాగిన రోజుల్లో పోలీసు కానిస్టేబుల్ కొడుకైన గాలి జనార్దనరెడ్డి ఇక్కడి ఓబుళాపురం మైనింగ్ కంపెనీ అధిపతిగా, కర్ణాటకలో మంత్రిగా ఎదిగారు. 2009లో ఆయన తిరుమల శ్రీవారికి దాదాపు ₹42 కోట్ల వజ్రకిరీటం సమర్పించారు. అప్పుడు భక్తిని మెచ్చినవారున్నారు, అంత డబ్బు ఎక్కడిదని అడిగినవారూ ఉన్నారు. సరిహద్దు గుర్తులు చెరిపి లీజుకు బయట తవ్వారన్న ఆరోపణలపై సీబీఐ కేసు పెట్టి 2011 సెప్టెంబరు 5న ఆయనను అరెస్టు చేసింది. అప్పుడు ప్రశ్నించిన గొంతులే బలపడ్డాయి. కిరీటాన్ని తిరిగి ఇచ్చేయాలన్న డిమాండూ వచ్చింది.

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. సొంత డబ్బు కోసం జనం బ్యాంకుల ముందు బారులు తీరిన ఆ రోజుల్లోనే, నవంబరు 16న, బెంగళూరు ప్యాలెస్ మైదానంలో ఆయన కూతురి పెళ్లి విజయనగర వైభవాన్ని తలపించే సెట్టింగుల మధ్య జరిగింది. ఖర్చు ₹500 కోట్లని పత్రికలు రాశాయి. దేశమంతా విమర్శలు చెలరేగాయి, ఆదాయపు పన్ను శాఖ ఆరా తీసింది. అయినా 2023లో సొంత పార్టీ పెట్టి గంగావతి నుంచి ఆయన శాసనసభకు గెలిచారు. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఓబుళాపురం కేసులో ఏడేళ్ల శిక్ష విధించింది. ఆ శిక్ష అమలును తెలంగాణ హైకోర్టు జూన్‌లో నిలిపివేసింది.

అరెస్టు ఓటుగా మారినప్పుడు

ఆగ్రహం ఒకచోట, ఓటు మరోచోట ఉండటం గాలి జనార్దనరెడ్డికే పరిమితం కాలేదు. 2011 ఆగస్టులో హైకోర్టు ఆదేశంతో జగన్మోహన్‌రెడ్డి ఆస్తులపై సీబీఐ దర్యాప్తు మొదలైంది. తండ్రి ప్రభుత్వం చేసిన మేళ్లకు ప్రతిఫలంగా ఆయన కంపెనీల్లోకి పెట్టుబడులు వచ్చాయన్నది సీబీఐ అభియోగం. ఇది రాజకీయ కక్ష అన్నది ఆయన వాదన. 2012 మే 27న ఆయన అరెస్టయ్యారు. కొద్ది రోజులకే, జూన్‌లో, 18 అసెంబ్లీ స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే 15 ఆయన పార్టీకే దక్కాయి. వాటిలో అనంతపురం, రాయదుర్గం కూడా ఉన్నాయి. ఓబుళాపురం గనులున్నది రాయదుర్గం నియోజకవర్గంలోనే.

2023 సెప్టెంబరు 9న నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో చంద్రబాబు నాయుడు అరెస్టయినప్పుడూ జరిగింది దాదాపు ఇదే. ఆయన కూడా కక్ష సాధింపే అన్నారు. 2024 ఎన్నికల్లో ఉమ్మడి అనంతపురం జిల్లాలోని 14 స్థానాలూ ఆయన కూటమికే దక్కాయి. ఈ జిల్లా 2014లో 12 స్థానాలు తెలుగుదేశానికి, 2019లో 12 వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఇచ్చింది. పార్టీలను నిర్దాక్షిణ్యంగా మార్చగల ఓటరు, పోటీలో నిలిచే మనుషుల ఆర్థిక స్థాయిని మాత్రం మార్చలేకపోయాడు. ఎందుకంటే ఆ ఎంపిక అతని చేతిలో లేదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి ₹40 లక్షలు. అసలు ఖర్చు ఎన్ని రెట్లుంటుందో ఊళ్లో అందరికీ తెలుసు. అది భరించగలవాడికే పార్టీ టికెట్ ఇస్తుంది. ఓటరు ముందుకు వచ్చేసరికి ఇద్దరు ధనవంతుల మధ్య ఎంపికే మిగులుతుంది. “ఎవురు తినలేదప్పా?” అని రచ్చకట్టల మీద వినిపించే మాట అక్కడినుంచే పుట్టింది.

జనం వేరుచేసే రకాలు

ఆ మాటను బట్టి జనం అన్నిటినీ ఒకే గాటన కట్టారనుకుంటే పొరపాటు. సినిమాలో సంపాదించిన డబ్బును వారు వేరుగా చూస్తారు. 1985, 1989, 1994లలో ఎన్టీ రామారావును, 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణను గెలిపించిన హిందూపురంలో ఆస్తి వివాదం కాలేదు. టికెట్ కొన్నది తామేనని, సంపాదన కళ్లముందు జరిగిందని అభిమానికి తెలుసు. వ్యాపారంలో వచ్చిన డబ్బును సగం నమ్ముతారు. అదే వ్యాపారానికి ప్రభుత్వ అనుమతులతో, భూములతో, కాంట్రాక్టులతో ముడి ఉంటే నమ్మకం సన్నగిల్లుతుంది. నేలను తవ్వి, చెరువును కబ్జాచేసి, ఇసుక తోలి సంపాదించినదైతే కోపం వస్తుంది. అది తమ ఉమ్మడి ఆస్తి అన్న స్పృహ అందుకు కారణం.

ఖర్చయిన తీరునూ చూస్తారు. “తినింటే తిన్నాడు, మాకూ పెట్టినాడు గదా” అన్న మాటలో క్షమ ఉంది, నిస్సహాయతా ఉంది. ఆసుపత్రి ఖర్చుకు, బోరు ఎండినప్పుడు అప్పుకు, కూతురి పెళ్లికి నాయకుడి ఇంటి గడప తొక్కాల్సివచ్చే చోట అతని సంపద కొందరికి ఆసరాగా కనిపిస్తుంది. సర్కారు ఆసరా సక్రమంగా అందితే ఆ గడపతో పని ఉండదు.

రాజకీయాలకు వెలుపలిదే అయినా పుట్టపర్తి ఉదంతం ఈ చూపును బాగా వివరిస్తుంది. 2011 ఏప్రిల్‌లో సత్యసాయిబాబా మరణించాక, జూన్‌లో ఆయన నివాసం తెరిస్తే ₹11.56 కోట్ల నగదు, 98 కిలోల బంగారం, 307 కిలోల వెండి బయటపడ్డాయి. దేశమంతా గగ్గోలు పుట్టింది. జిల్లా పల్లెల్లో మాత్రం ఆయన ట్రస్టు 1990లలో 700కు పైగా గ్రామాలకు వేసిన తాగునీటి పైపులైన్ల మాటే ముందు వచ్చింది. కరవు నేలకు నీళ్లకంటే పెద్ద సంజాయిషీ లేదు.

చట్టం ఎక్కడ ఆగిపోతోంది

ఎక్కడినుంచి వచ్చింది, ఎటు పోయింది అని జనం అడిగే రెండు ప్రశ్నలకూ ప్రమాణపత్రం పూర్తి జవాబు ఇవ్వదు. అందులోని అంకెలు అభ్యర్థి రాసుకున్నవి. వాటి నిజానిజాలు తేల్చే అధికారం రిటర్నింగ్ అధికారికి లేదు. స్టాక్ మార్కెట్‌లో లేని కంపెనీ షేర్లను ఖాతాపుస్తకాల విలువకే చూపవచ్చు. అసలు విలువ ఎన్నో రెట్లు ఉండవచ్చు. బినామీ పేరుమీది పొలం ఏ గడిలోనూ కనిపించదు. అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష ఆరు నెలలే. ఎన్నిక చెల్లదని హైకోర్టుకు వెళ్లాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపే వెళ్లాలి. ప్రజాప్రతినిధుల ఆస్తుల పెరుగుదలను ఎప్పటికప్పుడు పరిశీలించే శాశ్వత వ్యవస్థ కావాలని 2018 తీర్పులో సుప్రీంకోర్టు సూచించింది. అలాంటి వ్యవస్థ లేక ఓటరు పత్రికల్లోని పట్టికలు చూసి ఊరుకోవాల్సివస్తోంది. ఏళ్లతరబడి తేలని కేసులు ఓటరు అసహనాన్ని మరింత పెంచుతున్నాయి. నేరం రుజువు కానివాడు నిర్దోషిగా బయటపడడు, రుజువైనవాడు శిక్ష అనుభవించడు. రెండు సందర్భాల్లోనూ నష్టపోయేది ప్రజల నమ్మకమే.

బండ్లపల్లి చూపిన దారి

మార్గం కోసం ఈ జిల్లా దూరం పోనక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకంతోపాటే సామాజిక తనిఖీ వచ్చింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎవరికెంత కూలి ముట్టింది అన్న మస్టర్ల లెక్కను గ్రామసభలో అందరి ముందూ బిగ్గరగా చదివే పద్ధతి అది. చేయని పనికి కూలి రాసుకుంటే అక్కడే నిలదీశారు, సొమ్ము రాబట్టారు. రోజుకు మూడొందల కూలి తీసుకునే మనిషి లెక్కను ఊరంతా వినేలా చదవగలిగినప్పుడు, కోట్లు కూడబెట్టిన ప్రజాప్రతినిధి లెక్క చదవడానికి అడ్డేముంది?

ప్రమాణపత్రాలు ఎన్నికల సంఘం దగ్గర ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. గత మూడు ఎన్నికల పత్రాలను పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదివించవచ్చు. చదువుకున్న యువకులు, ఉపాధ్యాయులు, విలేకరులు ఆ పనికి పూనుకోవాలి. ఆస్తి ఉన్నంత మాత్రాన నాయకుడు దొంగ కాడు, లేనంత మాత్రాన సేవకుడు కాడు. పదవికి ముందు ఎంత, తర్వాత ఎంత, మధ్యలో పెరిగింది ఏ దారిన అన్నది చెప్పాల్సిన బాధ్యత మాత్రం పదవి అడిగినవాడిదే. “ఎవురు తినలేదు” అని నిట్టూర్చి వదిలేసే ప్రతి ఎన్నికా ఆ బాధ్యతనుంచి వారిని తప్పిస్తోంది. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుడినీ, మన పార్టీవాడైనా సరే, ముందుగా ఆ లెక్క అడగండి.