మిగిలింది దారమే... గంటలు కాదు!

స్వెట్టర్ అల్లగా మిగిలిన ఊలు ఉండలు, టీపాయ్ గుడ్డ కుట్టగా మిగిలిన నూలు దారం... చాలా ఇళ్లలో ఏ అలమర అడుగునో ఓ సంచిలో ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు, ఏం చేయాలో తోచదు. ఓ క్రోషియా సూది ఉంటే చాలు... తాళాల గుత్తికి పువ్వు, చెల్లికి హెయిర్‌క్లిప్పు, మేనకోడలికి బుల్లి ఏనుగు తయార్! పైసా ఖర్చు లేని కానుకలంటారు వీటిని. నిజంగా ఖర్చు లేనివేనా?

ఓ ముప్ఫై నలభై ఏళ్ల కిందట మధ్యతరగతి ఇంట్లోకి అడుగుపెడితే మొదట కనిపించేది లేసు గుడ్డే. రేడియో మీద ఒకటి, టీవీ మీద ఒకటి, కుర్చీ వీపున ఇంకొకటి. మంచినీళ్ల కూజా మీద అంచుకి పూసలు కుట్టిన మూత గుడ్డ సరేసరి. పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకు 'ఇదంతా మా అమ్మాయి పనితనమే' అని చూపించడం ఓ ముచ్చట. తర్వాత టీవీలు గోడెక్కేశాయి, కూజాలు మాయమైపోయాయి. లేసు గుడ్డలూ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ఇప్పుడు అదే సూది, అదే గొలుసు కుట్టు కొత్త రూపంలో తిరిగొచ్చాయి. కాలేజీ అమ్మాయిల బ్యాగులకు వేలాడే పువ్వులు, కారు అద్దం దగ్గర ఊగే బుజ్జి తాబేళ్లు, పసిపాపల టోపీలు... అన్నీ క్రోషియావే.

ముందు సంచి దులపండి!

మిగిలిన దారాలన్నీ ఒక్కచోట పోసి రకాలవారీగా వేరుచేయాలి. మన ఊళ్లలో ఊలు పేరుతో దొరికేదాంట్లో చాలావరకు యాక్రిలిక్కే. లేబుల్ పోయి ఏది ఏమిటో తెలియకపోతే ఓ చిట్కా ఉంది. బెత్తెడు ముక్కను పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్ల పళ్లెం పెట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అసలైన ఉన్ని. కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగిలితే నూలు. కరిగిపోయి, చల్లారాక గట్టి పూసలా మారితే యాక్రిలిక్. పిల్లలకు మాత్రం ఈ పని అప్పగించొద్దు.

ఇంత శ్రమ ఎందుకంటే... వేడి గిన్నెలు దించే గుడ్డను యాక్రిలిక్‌తో అల్లితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. దానికి నూలే వాడాలి. ఉన్ని వేడినీళ్లలో ముడుచుకుపోతుంది, యాక్రిలిక్ అలా ముడుచుకోదు. రెండూ కలిపి అల్లితే ఒక్క ఉతుకుతో వస్తువు వంకర్లు తిరుగుతుంది. ముదురు రంగు దారాన్ని తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడటమూ మంచిదే. రంగు దిగితే లేత రంగులతో కలపొద్దు.

ఆఖరున ఒక్కో ఉండనీ వంటింటి త్రాసులో తూచి చీటీ అంటించండి. ఏ ఉండతో ఏం చేయొచ్చో అప్పుడే తేలిపోతుంది.

రెండు బారలతో పువ్వు

రెండు చేతులూ చాచి కొలిస్తే రెండు బారల ఊలు... ఓ పువ్వుకి సరిపోయి కాస్త మిగులుతుంది కూడా. మామూలు మందం ఊలుకి 4 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. సన్నటి నూలు దారానికైతే ఒకటింబావు, ఒకటిన్నర మిల్లీమీటర్ల స్టీలు సూదులుంటాయి.

జారుముడితో మొదలుపెట్టి ఆరు గొలుసు కుట్లు వేయండి. మొదటి గొలుసులోకి సూది గుచ్చి దారం లాగి రెండు కొసల్నీ కలిపేస్తే చిన్న ఉంగరం వస్తుంది. ఇప్పుడు మూడు గొలుసులు వేయాలి. తర్వాత సూదికి దారాన్ని ఒక చుట్టు చుట్టి, ఉంగరంలోకి దించి, దారం పైకి లాగండి. సూది మీద మూడు లూపులుంటాయి. దారం అందుకుని రెండు లూపుల్లోంచి, మళ్లీ అందుకుని మిగతా రెండిట్లోంచి లాగితే ఓ పొడుగు కుట్టు పూర్తయినట్టు. ఇలాంటివి రెండు వేశాక మళ్లీ మూడు గొలుసులు వేసి, ఉంగరంలోకి సూది దించి, దారాన్ని పైకి లాగి సూది మీదున్న లూపులోంచి కూడా తీసేయండి. ఒక రేక వచ్చేసింది! ఇలాగే ఇంకో నాలుగు రేకలు. జానెడు కొస వదిలి దారం కత్తిరించి, ఆఖరి లూపులోంచి లాగి బిగించండి. ఆ కొసని మామూలు సూదితో కుట్ల మధ్య ఓసారి అటూ ఓసారి ఇటూ దూర్చేయాలి. ఉత్త ముడి వేసి వదిలేస్తే నాలుగు ఉతుకులకి ఊడొస్తుంది.

పుస్తకాలు చూసి నేర్చుకునేవారికి ఓ తిరకాసుంది. మనం వేసిన ఈ పొడుగు కుట్టుని బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు. అమెరికా పుస్తకాల్లో అదే డబుల్ క్రోషె! బ్రిటిష్‌వాళ్లు డబుల్ అనేది అమెరికావాళ్లకు సింగిల్. ఎక్కడి పుస్తకమో చూసుకోకుండా మొదలుపెడితే టోపీ కాస్తా బుట్టంత అవుతుంది!

ఏ కొసరుతో ఏ కానుక?

అయిదు గ్రాముల లోపు ఉంటే పువ్వు, ఆకు, చిన్న గుండె ఆకారం. క్లిప్పుకి అతికించొచ్చు, పుస్తకంలో గుర్తుకి పెట్టుకునే తాడు చివర కుట్టొచ్చు. రాఖీకి ఇంతకన్నా మంచి పువ్వు బజార్లో దొరకదు. పది గ్రాముల నూలుంటే టీ కప్పు కింద పెట్టే చదరం. పాతిక ముప్ఫై గ్రాములుంటే కళ్లజోడు సంచి, లేదంటే అప్పుడే పుట్టిన పాపకు టోపీ. అదే బరువుతో జపాన్ పద్ధతి బొమ్మా చేయొచ్చు. అమిగురుమి అంటారు దాన్ని. అల్లిక, దూది కూరిన బొమ్మ అన్న అర్థాలిచ్చే రెండు జపాన్ మాటలు కలిస్తే వచ్చిన పేరది. ఎందుకూ పనికిరాని అంగుళం అంగుళం ముక్కల్ని ఆ బొమ్మ పొట్టలో కూరేయొచ్చు.

రంగుకి ఇంత చొప్పున కొద్దికొద్దిగా ఉంటే? చిన్న చదరాలు అల్లి పక్కన పెట్టుకుంటూ పోండి. చాలినన్ని అయ్యాక అతికితే కుషన్ కవరు, ఇంకా అయితే దుప్పటి. చిన్న ముక్కలేం చేస్తాయిలే అనుకోవద్దు. 2016 జనవరిలో చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషె క్వీన్స్' బృందం మహిళలు ఎవరింట్లో వాళ్లు అల్లిన ముక్కల్ని ఒకచోట చేర్చి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటితో గిన్నిస్ రికార్డు కొట్టారు.

ఆఖరి వరుసలో దారం చాలదేమోనన్న భయం అందరికీ ఉంటుంది. మిగిలిన దారాన్ని సగానికి మడిచి మధ్యలో జారుముడి వేయండి. ఒక వరుస పూర్తయ్యేసరికి ముడి దాకా రాకపోతే మరో వరుసకి చాలినట్టే. ముడి ముందే వచ్చేస్తే అక్కడితో ఆపేసి అంచుకి వేరే రంగు వాడండి.

మెషిన్‌కి చేతకాని పని

మొదటి పువ్వుకి గంట పడుతుంది. చేయి తిరిగాక పది, పదిహేను నిమిషాలు. బుల్లి ఏనుగుకైతే కొత్తవాళ్లకు రెండు మూడు సాయంత్రాలు. ఓసారి గడియారం చూసి మొదలుపెట్టండి. పూర్తయ్యాక లెక్క వేస్తే కళ్లు తిరుగుతాయి. దారం ఉచితమే కావచ్చు, ఆరేడు గంటలు మాత్రం మనవే!

స్వెట్టర్లు అల్లే మెషిన్లున్నాయి, లేసు నేసే మెషిన్లున్నాయి. కానీ కొక్కెం సూదితో ఒక లూపులోంచి మరో లూపు లాగుతూ వేసే క్రోషియాని అచ్చంగా అలాగే చేసే మెషిన్ ఫ్యాక్టరీల్లోకి ఇంతవరకు రాలేదు. చూడ్డానికి అలా కనిపించే మెషిన్ గుడ్డలు వేరు. అంటే... షాపులో వేలాడే నిజమైన క్రోషియా టాపు ఎంత చవగ్గా ఉన్నా, అందులోని ప్రతి కుట్టూ ఎక్కడో ఎవరో చేత్తో వేసిందే. ఆ 'ఎవరో'ని చూడాలంటే మనం దూరం వెళ్లక్కర్లేదు.

నరసాపురం అరుగుల మీద...

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం, దాని చుట్టుపక్కల పల్లెలు లేసుకి పెట్టింది పేరు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ పని గోదావరి తీరానికి వచ్చింది. ఇంచుమించు ఆ కాలంలోనే ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులొచ్చి, 1845 నుంచి ఏళ్ల తరబడి కరవు తాండవించింది. అక్కడా సన్యాసినుల మఠాల్లో క్రోషియా నేర్చుకున్న ఆడవాళ్లు ఆ సూదితోనే ఇంత తిండి సంపాదించుకున్నారు. మన దగ్గర ఆ సూది తల్లి నుంచి కూతురికి, ఇంటి నుంచి పక్కింటికి చేరి వేలమందికి ఆధారమైంది.

ఇక్కడి పని తీరే వేరు. ఒక బల్లగుడ్డ మొత్తం ఒకరే అల్లరు. పువ్వులు అల్లేవాళ్లు పువ్వులే అల్లుతారు. వాటిని కలిపి గుడ్డగా చేసేది ఇంకొకరు. దాన్ని 'అతుకు పని' అంటారు. దారం తెచ్చిచ్చి సరుకు పట్టుకెళ్లే ఏజెంట్లు, వాళ్ల పైన వ్యాపారులు, ఆ పైన ఎగుమతిదారులు. వంటయ్యాక కాసేపు, పిల్లలు బడికెళ్లాక కాసేపు, మధ్యాహ్నం అరుగు మీద నలుగురూ చేరి కాసేపు... ఇలా అల్లిన పువ్వులు విదేశాల్లో డైనింగ్ టేబుళ్ల మీదికి చేరతాయి. తెల్లటి సన్నదారం మీద గంటల తరబడి చూపు నిలపాలి. మెడ, కళ్లు నొప్పి పుట్టడం మామూలే.

'తీరిక పని' అన్న మాట

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం వచ్చారు. లేసు అల్లే మహిళల జీవితాల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం అధ్యయనం చేశారు. 1982లో అది పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చదివింది. ఆమె తేల్చిందేమిటంటే... రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నా ఈ ఆడవాళ్లను ఎవరూ పనివాళ్లుగా చూడలేదు. వ్యాపారుల దృష్టిలో వాళ్లు 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు'. లేసు 'తీరిక వేళ చేసుకునేది'. తీరిక పనికి కూలి ఎందుకివ్వాలి? అందుకే పొలం పనికెళ్లే కూలీ కన్నా తక్కువ ముట్టేది. ఆడవాళ్లు గడప దాటి పొలానికి వెళ్తే పరువు తక్కువ అనుకునే ఇళ్లవాళ్లకు ఆ తక్కువకే ఒప్పుకోవడం తప్ప దారి లేకపోయింది. జనాభా లెక్కల్లో సైతం చాలామంది పనివాళ్ల కింద నమోదు కాలేదు.

ఆ తర్వాత సంఘాలొచ్చాయి, శిక్షణ కేంద్రాలొచ్చాయి. మరోవైపు చైనా మెషిన్ లేసు పోటీకొచ్చింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. వేరేచోట చేసిన సరుకుని ఆ పేరుతో అమ్మడం ఇక కుదరదు. పేరుకి రక్షణ దొరికింది. అయితే అల్లే చేతికి ఎంత ముట్టాలో ఆ గుర్తింపు చెప్పదు. అది కొనేవాళ్లు, కొనిపించేవాళ్లు తేల్చాల్సిన సంగతి.

కూలి సంగతి అలా ఉంచితే, 'తీరిక పని' అన్న మాట మన ఇంట్లో మాత్రం వినపడదా? అమ్మ నెలంతా కూర్చుని అల్లిన దుప్పటి చూసి 'ఖాళీగానే ఉన్నావుగా, కాలక్షేపం అయింది' అంటాం. కాస్త చేయి తిరిగిన అమ్మాయి బొమ్మలు అమ్మకానికి పెడితే 'ఊలే కదా... వంద చాలదూ?' అని బేరమాడతాం. ఓ చిన్న లెక్క వేద్దాం. బొమ్మకి ఆరు గంటలు పట్టిందనుకోండి. గంటకి యాభై రూపాయలే కట్టినా పని ఖరీదు మూడొందలు. ఊలు, ప్యాకింగ్ అదనం. వందకి ఇచ్చేసిందంటే... ఊలు ఊరికే వచ్చిందనుకున్నా గంటకి పదిహేడు రూపాయలైనా పడదు!

అందుకే ఈసారి చేత్తో అల్లింది కొనేటప్పుడు ఎన్ని గంటలు పట్టిందో ఓ మాట అడగండి. మీరే అమ్ముతుంటే ఊలు ఖర్చుతో పాటు గంటలకీ వెల కట్టండి. మొహమాటం వద్దు. కానుకగా ఇస్తుంటే ధర చెప్పక్కర్లేదు కానీ, ఓ చిన్న కార్డు మీద 'దీనికి నాలుగు సాయంత్రాలు పట్టింది' అని రాసి చూడండి. తీసుకున్నవాళ్లు దాన్ని మూలన పడేయరు.

అలమరలో సంచి ఎలాగూ ఉంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. అమ్మకో అత్తయ్యకో క్రోషియా వచ్చేమో అడగండి. వచ్చంటే పక్కన కూర్చుని మొదటి గొలుసు వేయించుకోండి. పనిలో పనిగా, పెట్టెలో దాచిన ఆ లేసు గుడ్డకి ఎన్నాళ్లు పట్టిందో కూడా అడగండి.

ఇవి మరవొద్దు!

* మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు గుండీలు, పూసలు కళ్లుగా పెట్టొద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు. దారంతోనే కళ్లు కుట్టండి. పొడుగు తాళ్లూ వేలాడకూడదు.
* అరగంటకోసారి సూది పక్కన పెట్టి వేళ్లు, మణికట్టు, మెడ కదిలించండి. పని ఎప్పుడూ వెలుతురులోనే.
* ఒకే వస్తువుకి ఒకే మందం దారాలు వాడండి. సన్నగా ఉంటే రెండు పోగులు కలిపి అల్లుకోవచ్చు.
* కానుకతో పాటు ఎలా ఉతకాలో చీటీ పెట్టండి. ఉన్నిదైతే చన్నీళ్లలో చేత్తో ఉతికి, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.