బీఏ చదివితే గిట్టుబాటవుతుందా? లెక్క వేసి చూడండి

పోయిన వేసవిలో మా బాబాయి ఫోన్ చేశారు. 'ఎంపీసీలో మంచి మార్కులొచ్చాయి. ఇప్పుడేమో బీఏ ఎకనామిక్స్ చదువుతానంటోంది. ఇంజినీరింగ్ చేసినవాడివి, నువ్వైనా చెప్పరా' అన్నారు. వెనక నుంచి చెల్లి గొంతు: 'అన్నయ్యా, బీఏ చేస్తే డబ్బులు రావంటున్నారు నాన్న. నిజమేనా?'

'నీకిష్టమైంది చదువుకో' అనేయడం తేలికే. కానీ ఫీజు కట్టేది బాబాయి. అందుకే ఇద్దర్నీ కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్ తెరిచాను. మీ ఇంట్లోనూ ఇదే వాదన నడుస్తుంటే ఈ లెక్క మీకూ పనికొస్తుంది. ఇందులోని అంకెలు మేం అనుకున్నవే. వాటి స్థానంలో మీవి వేసుకోండి.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

ఇంటి నుంచి వెళ్లి ప్రభుత్వ కళాశాలలో బీఏ చదివితే ఫీజు, బస్ పాస్, పుస్తకాలు కలిపి ఏడాదికి రూ.15 వేలు అనుకున్నాం. మూడేళ్లకు రూ.45 వేలు. తర్వాత సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్లో ఉండి రెండేళ్లు ఎంఏ చేస్తే ఏడాదికి రూ.60 వేలు. మొత్తం రూ.1.65 లక్షలు. అదే ప్రైవేటు కాలేజీలో బీటెక్ అయితే ఫీజు లక్ష, హాస్టల్ రూ.80 వేలు... నాలుగేళ్లకు రూ.7.2 లక్షలు.

ఇది చూసి చెల్లి గెలిచానంది. ఆగమన్నాను. బీఏ, ఎంఏ కలిపి ఐదేళ్లు. బీటెక్ నాలుగేళ్లే. ఆ ఒక్క ఏడాది జీతం పోతుంది కదా! నెలకు రూ.25 వేల చొప్పున రూ.3 లక్షలు కలిపితే ఎంఏ ఖర్చు రూ.4.65 లక్షలు అవుతుంది. అయినా బీటెక్ కంటే రూ.2.55 లక్షలు తక్కువే. కానీ బీటెక్ ఉద్యోగంలో నెలకు రూ.10 వేలు ఎక్కువొస్తే రెండేళ్లు దాటగానే ఆ తేడా పూడిపోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిగా వస్తే బీటెక్ ఖర్చు రూ.3.2 లక్షలకు దిగుతుంది. అప్పుడు మొదటి నుంచే లెక్క తిరగబడుతుంది. అందుకే పక్కింటివాళ్ల లెక్క మనకు సరిపోదు.

అసలు ఖర్చు ఎదురుచూపులదే

ఇప్పుడు షీట్‌లో మరో వరస చేర్చాం. ఎంఏ అయ్యాక గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం రెండేళ్లు హైదరాబాద్‌లో గది తీసుకుని కూర్చుంటే? రాని జీతం రూ.6 లక్షలు. గది, కోచింగ్, పుస్తకాలకు నెలకు రూ.8 వేలు అనుకున్నా రూ.1.92 లక్షలు. వెరసి దాదాపు రూ.8 లక్షలు! ఐదేళ్ల చదువుకు పెట్టినదానికి ఇది దాదాపు ఐదు రెట్లు. బీటెక్ చేసి ఎదురుచూసినా నష్టం ఇంతే. సోషల్ సైన్సెస్ డిగ్రీ గిట్టుబాటవుతుందా లేదా అన్నది చాలావరకు ఈ వరస మీదే ఆధారపడుతుంది. పరీక్షలు రాయొద్దని కాదు. ఎన్ని ప్రయత్నాలు, ఏ తేదీ వరకు అన్నది ముందే రాసిపెట్టుకోండి.

డిగ్రీ ఎక్కడ ఆగితే ఏమొస్తుంది?

ఏ మెట్టు దగ్గర ఆదాయం మొదలవుతుందో తెలుసుకుని చేరండి.

* ఇండియన్ ఎకనమిక్ సర్వీస్: యూపీఎస్సీ పరీక్ష. ఎకనామిక్స్ లేదా దాని అనుబంధ సబ్జెక్టుల్లో పీజీ తప్పనిసరి. బీఏతో ఆగితే కుదరదు.
* పరిశోధన: నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే ఫెలోషిప్ నెలకు రూ.37 వేలు. 2023 జనవరి నుంచి ఈ మొత్తం అమల్లో ఉంది.
* టీచర్: సోషల్ స్కూల్ అసిస్టెంట్ కావాలంటే డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ, టెట్, ఆపైన డీఎస్సీ. ఈ ఏళ్లన్నీ షీట్‌లో వేయండి.
* సైకాలజీ: క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. బీఏ మాత్రమే చాలదు.

చదువుతుండగానే విలువ పెంచుకోండి

ఏపీలో 2023-24లో డిగ్రీలో సింగిల్ మేజర్ విధానం వచ్చింది. మేజర్ ఎకనామిక్స్ అయితే, మీ కాలేజీలో ఉంటే మైనర్‌గా స్టాటిస్టిక్స్ ఆలోచించండి. ఎక్సెల్ బాగా నేర్చుకోండి. 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితం. కేంద్ర గణాంక శాఖ చేసే కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) డేటా కూడా ఉచితంగానే దొరుకుతుంది. మన రాష్ట్రంలో డిగ్రీ చదివిన అమ్మాయిల్లో ఎంతమంది పనిలో ఉన్నారో మీరే లెక్కతీసి నాలుగు పేజీల రిపోర్టు రాయండి. ఇంటర్వ్యూలో 'ఏం చేయగలవు?' అని అడిగితే చూపించడానికి అది మార్కుల మెమో కంటే బాగా పనికొస్తుంది.

ఇంతకీ మా చెల్లి బీఏలోనే చేరింది. అయితే బాబాయి ఓ షరతు పెట్టారు. ఎంఏ సీటు రాకపోయినా, పరీక్షలు తప్పినా ఏ నెల నుంచి ఉద్యోగం వెతుక్కోవాలో తనే రాసి ఇవ్వాలన్నారు. రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పుడు వాళ్లింట్లో బీరువా తలుపు మీద ఉంది. అప్లికేషన్ నింపే ముందు మీరూ అలాంటిదొకటి రాసుకోండి.