హైవే దిగితే మన ఊళ్లే

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో కొడికొండ చెక్‌పోస్టు దాటగానే బోర్డులన్నీ కన్నడంలోకి మారిపోతాయి. మాట మాత్రం మారదు. బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇళ్లలో, సంతల్లో, బస్సుల్లో వినబడేది ఎక్కువగా తెలుగే. 2022 మార్చి 19న ‘ఆర్‌ఆర్‌ఆర్’ విడుదలకు ముందు జరిగిన పెద్ద వేడుకకు ఈ తాలూకాల జిల్లా కేంద్రమైన చిక్కబళ్లాపురాన్ని ఎంచుకున్నది ఊరికే కాదు. ఆ ఊళ్లను కారు అద్దంలోంచి చూస్తూ దాటేయడం నాకూ మా ఆయనకూ ఏళ్లుగా అలవాటు. ఈసారి వాటి కోసమే బైకు తీశాం. కాసేపు ఆయన, కాసేపు నేను నడుపుతూ బెంగళూరు నుంచి బయల్దేరాం.

సెలవు రోజుల్లో తెల్లవారకముందే నంది కొండకు బళ్లు బారులు తీరతాయి. మబ్బులు కింద ఉండగా మనం పైన నిలబడి చూడటం బాగానే ఉంటుంది. కానీ దంపతులుగా వెళ్లేవాళ్లు కొండ కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. ఇక్కడ శివుడి జీవితమంతా గుళ్లుగా నిలిచింది. అరుణాచలేశ్వరుడు బాల్యం, భోగనందీశ్వరుడు యౌవనం. ఆ రెండు గర్భగుళ్ల నడుమ ఉన్న చిన్న గుడిలో పెళ్లయిన ఉమామహేశ్వరులు. సన్యసించిన యోగనందీశ్వరుడు కొండ మీద ఒంటరిగా ఉంటాడు, ఆయనకు ఉత్సవాలు లేవు. ఉమామహేశ్వరుల ముందున్న కల్యాణ మండపంలో నల్లరాతి స్తంభాల మీద లతలు, పక్షులు ఎంత సన్నగా చెక్కారంటే, వేలితో తాకితే ఆకు అంచు తెలుస్తుంది. కొత్త జంటలు ఇక్కడే మొక్కుకుంటాయి. గుడి చరిత్ర తొమ్మిదో శతాబ్దం దాకా వెళుతుంది.

ఈ కొండలకు తెలుగునేల రుణపడి ఉంది. పెన్న ఇక్కడి కొండల్లోనే పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి వెళ్లే చిత్రావతి, గండి క్షేత్రం పక్కగా పారే పాపఘ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. రెండూ చివరికి పెన్నలోనే చేరతాయి. పక్కనే ఉన్న ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆయన పూర్వికులది ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాద్‌ను వరద నుంచి కాపాడే పథకం వేసిన మనిషి నీటికి కటకటలాడే ఈ సీమలో పుట్టాడు.

అవును, ఇన్ని నదులు పుట్టిన జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని ఊళ్లున్నాయి. పడిన చోట బాగేపల్లి వైపు ఫ్లోరైడ్ బాధ. అందుకే గుడిబండ కోట ఎక్కినప్పుడు గోడలకన్నా గుంటలే నన్ను నిలబెట్టేశాయి. పదిహేడో శతాబ్దంలో బైరేగౌడ అనే పాళెగారు ఈ బండ మీద కోట కట్టించినప్పుడు వాన నీటిని రాతి గుంటల్లో పట్టి నిలిపే ఏర్పాటు చేయించాడు. ఒక గుంట నిండితే నీళ్లు ఇంకోదానిలోకి పోతాయి. పైనుంచి చూస్తే కింద అమాని బైరసాగర చెరువు పరుచుకుని ఉంటుంది.

బాగేపల్లిలో మధ్యాహ్నం భోజనానికి ఓ చిన్న హోటల్లో ఆగాం. హెల్మెట్లు తీస్తుండగానే లోపలి నుంచి పెద్దావిడ, “రాండమ్మా, కూర్చోండి, ముద్ద వేడిగా ఉండాది” అంది. రాగి సంగటి, ఉడికించిన పప్పుగింజల నీళ్లతో కాచిన చారు, పక్కన వేయించిన పచ్చిమిరపకాయ. బడి నుంచి వచ్చిన మనవడు ఆవిడతో గలగలా తెలుగు మాట్లాడుతూ కన్నడ పుస్తకం తెరిచాడు. తెలుగు చదవడం వచ్చా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

అక్కడి నుంచి చేళూరు మీదుగా చింతామణి దాకా వెళ్లే దారే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. రోడ్డు పక్క చింతచెట్లు, వాటి వెనక మల్బరీ తోటలు, వేరుశెనగ, టమాటా. ఒక ఊళ్లో ఇళ్ల గోడలకు చంద్రికలు ఆనించి ఉన్నాయి. చాప మీద వెదురు బద్దలను సుడులుగా బిగించి చేసిన పెద్ద తట్టలవి. పండిన పట్టుపురుగును ఆ సుడుల నడుమ వదిలితే రెండు మూడు రోజుల్లో తన చుట్టూ గూడు అల్లేసుకుంటుంది. దగ్గరికి వెళ్లి చూస్తే వెదురుకు పోగులు ఇంకా అంటుకుని ఉన్నాయి. గూళ్లన్నీ శిడ్లఘట్ట మార్కెట్‌కు పోతాయి, టమాటా చింతామణి యార్డుకు పోతుంది.

చింతామణి దాటాక కైవారం. గాజులమ్మే నారాయణప్ప యోగిగా మారి కైవారం తాతయ్య అయిన ఊరు. కొండ మీద ఆయన తపస్సు చేసిన నరసింహ గుహ ఉంది. ఆయన కాలజ్ఞానం తెలుగులో చెప్పాడు, శతకం తెలుగులో రాశాడు, కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు. ఇక్కడి భక్తులు ఆ తెలుగు పద్యాలను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకాల్లో చూసి పాడుకుంటారు. అక్షరం వేరైనా మాట పోలేదు.

బెంగళూరు నుంచి ఈ చుట్టు 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. వానలు తగ్గి చెరువుల్లో నీళ్లుండే కార్తీకం మంచి అదను. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బాగేపల్లిలో హైవే దిగి చేళూరు, చింతామణి, కైవారం మీదుగా హొసకోట చేరి బెంగళూరు వెళ్లొచ్చు. ఇక తెలుగు ప్రచురణకర్తలకు ఒక విన్నపం. బాగేపల్లిలో నేను చూసిన పిల్లవాడి లాంటివాళ్లు ఇక్కడ ఇంటింటా ఉన్నారు. వాళ్లకు తెలుగు కథ కావాలి, చదవగలిగిన లిపి కన్నడం. తాతయ్య పద్యాలకు జరిగిన పని మన పిల్లల కథలకూ చేయండి. కన్నడ లిపిలో తెలుగు కథల పుస్తకాలు అచ్చువేసి ఈ ఊళ్ల బడులకు పంపండి.