అంధపంగున్యాయము - ఒక చేప, ఒక రొయ్య



సాంఖ్యపాఠము చెప్పునపుడు మా గురువుగారు అంధపంగున్యాయమును తఱచుగా ఉదాహరించెడివారు. గ్రుడ్డివాని భుజములపై కుంటివాడెక్కి త్రోవ చెప్పగా ఇరువురును గమ్యము చేరిరట. ఈ న్యాయమును నేను ముప్పదియేండ్లు బడిలో బోధించితిని గాని, కన్నులార చూచినది మాత్రము ఉద్యోగవిరమణానంతరమే. విశాఖపట్టణమున మా కుమారుని యింట నొక గాజుతొట్టి కలదు. దానియందు చూచితిని.

ఆ తొట్టి ఉప్పునీటిది. అందు రాళ్లు, ఇసుక, ప్రాణముగల పగడములు ఉన్నవి. చిటికెనవ్రేలంత గోబీచేప యొకటియు, అంతకంటె చిన్నదగు రొయ్య యొకటియు ఒక్క బొరియయందే కాపురముండెను. ఆ చేపను యాషా గోబీ యందురు. తెల్లని మేనిపై ఎఱ్ఱని చారలు, వీపున నిలువుగా లేచిన ఱెక్క దాని గుర్తులు. జపాను శాస్త్రజ్ఞులు 2001వ సంవత్సరమున దీనికి శాస్త్రనామ మొసగిరి.

వీని కాపురమెట్టిదో చిత్తగింపుడు. రొయ్యకు చూపు మిక్కిలి మందము. కాని త్రవ్వుటలో దానిని మించిన పనివాడు లేడు. పగలెల్ల బొరియనుండి ఇసుకను వెలికి త్రోయుచుండును. చేపకు చూపు తీక్ష్ణము. కాని అట్టి యిల్లు త్రవ్వుకొనజాలదు. కావున చేప వాకిట కావలియుండును. రొయ్య వెలుపలికి వచ్చినపుడెల్ల తన మీసము నొకదానిని చేపమేనికి తాకించియే యుండును. అపాయము పొడగట్టినచో చేప తోకను అల్లలాడించును. రొయ్య వెంటనే లోపలికి తగ్గును. అపాయము మఱింత దగ్గఱైనచో చేపయు బొరియలోనికి దుముకును. ఎఱ్ఱసముద్రమున ఇట్టి చెలిమిని గమనించి లూథరను జర్మను శాస్త్రజ్ఞుడు 1958లో వ్రాసెను. ఈ జాతి రొయ్యలు పెద్దకొండిని చటుక్కున మూసి టపాకాయవంటి చప్పుడు చేయును. ఆ చప్పుడు కొండి తాకిడిది కాదనియు, నీటిలో పుట్టిన బుడగ పగులుటవలన కలుగుననియు 2000లో తేలినది.

ఇక పోషణము. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పులుండవలెను. వేడిమి 25 డిగ్రీల ప్రాంతమున నిలుకడగా నుండవలెను. నీరు ఆవిరియై తగ్గినపుడు ఉప్పునీరు పోయరాదు, మంచినీరే పోయవలెను. ఉప్పుమడులను చూచినవారికి దీని కారణము చెప్పనక్కఱలేదు: నీరు పోవును, ఉప్పు నిలుచును. క్రొత్తతొట్టిలో వెంటనే చేపను విడువరాదు. చేప విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని మార్చు సూక్ష్మజీవులు రాళ్లయందును ఇసుకయందును నెలకొనుటకు నెల, నెలన్నర పట్టును. గోబీ బెదరినచో పైకెగిరి నేలబడి చచ్చును. కావున తొట్టిపై సన్నని వలమూత తప్పదు. ఇసుక మెత్తనిది మాత్రమే యైనచో బొరియకప్పు నిలువదు. అందు గవ్వముక్కలు, పగడపు రవ్వలు కలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన దానిని నేను నష్టపడి నేర్చుకొంటిని. మా కుమారుడు ఊర లేనపుడు, తొట్టి కొంత బోసిగా నున్నదని తలచి, అందమైన రాతి నొకదానిని ఇసుకపై నుంచితిని. పెద్దవాడను గనుక కోడలు వారింపలేదు. మూడవనాటి యుదయమునకు రాయి ఒఱగి కూలియుండెను. రొయ్య దాని క్రిందుగా సొరంగము త్రవ్వినది. రాయి యెత్తిచూడగా రొయ్య ప్రాణము విడిచియుండెను.

చేప బ్రతికినది. కాని నాటినుండి అది వాకిట నిలుచుట మానినది. ఒక మూలరాతి చాటున నక్కి, ఎఱ వేసినను వెలికి రాకుండెను. కాపాడదగినది లేని కావలివాడు ఎట్లుండునో నాకప్పుడు తెలిసినది. మూడువారములకు మా కుమారుడు వేఱొక రొయ్యను తెచ్చి, ప్రొద్దుగ్రుంకువేళ చేప చెంత విడిచెను. మఱునాడు చూచుసరికి రొయ్య త్రవ్వుచుండెను. చేప వాకిట నుండెను.

ఇట్టి జీవులలో పెక్కింటిని సముద్రమునుండియే పట్టి తెచ్చెదరు. వాని యింటినుండి తెచ్చినవారము వాని కొక యిల్లు అమర్చియిచ్చుట మన పూచీ. పట్టణమున మీ మనుమడెవడైన నిట్టి తొట్టి పెట్టదలచినచో, చేప యేదని, వెల యెంతయని ముందుగా అడుగకుడు. రాళ్లు అడుగున గాజుపై నానియున్నవా, ఇసుకపై నున్నవా యని యడుగుడు. ముందు రాయి, పిమ్మట ఇసుక, ఆ పిమ్మటనే ప్రాణి. సెలవు.