దేశబహిష్కారము - విచారణాధర్మము

వ్యవహారమునకు భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి యని నాలుగు పాదములు కలవని మితాక్షర చెప్పుచున్నది. ఆ గ్రంథమును కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుపద్యములలోనికి దెచ్చెను. అభియోగ మేదియో నిందితునకు దెలుపవలయును; అతని మాట వినవలయును; సాక్ష్యమును బరీక్షింపవలయును; పిమ్మటనే నిర్ణయము. వీనిలో నే పాదము లోపించినను వ్యవహారము కుంటువడును. రాజ్యమును భయ మావరించిన వేళలందు తరచుగా లోపించునది రెండవ పాదము. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1919, 1920 సంవత్సరములందు జరిగిన దేశబహిష్కార వృత్తాంతము దీనికి దగిన యుదాహరణము.

1917 నాటి రష్యా విప్లవము పిమ్మట 1919లో నా దేశమున పెక్కు సమ్మెలు చెలరేగెను. ఆ యేడు జూను 2వ తేదీ రాత్రి ఎనిమిది పట్టణములలో బాంబులు పేలెను. వానిలో నొకటి అటార్నీ జనరలగు మిచెల్ పామరు నింటి వాకిటనే పేలెను. నేరము ఘోరమైనది, నేరస్థులను వెదకుట న్యాయమే. కాని యధికారుల యాగ్రహము నేరస్థులను విడిచి యభిప్రాయములపైకి మరలెను.

ప్రభుత్వమును బలప్రయోగముచే గూలద్రోయవలయునని బోధించు సంఘములందు సభ్యుడగు విదేశీయుని దేశమునుండి పంపివేయవచ్చునని 1918 అక్టోబరులో నొక శాసన మేర్పడి యుండెను. ఇచట నొక సూక్ష్మము గమనింపదగినది. దేశబహిష్కారము శిక్ష కాదనియు, పరిపాలనాకార్యము మాత్రమే యనియు నా దేశపు న్యాయస్థానములు పూర్వమే నిర్ణయించి యుండెను. శిక్ష కానందున జ్యూరీ లేదు. వలసశాఖ తనిఖీదారు ప్రశ్నించి వ్రాసికొనిన కాగితములే విచారణ. అయితే పట్టుకొనువారు న్యాయశాఖవారు. పంపివేయుటకు నిర్ణయించు నధికారము కార్మికశాఖది. ఈ యధికారవిభాగమే తరువాత పెక్కుమందికి రక్షణ మయ్యెను.

1919 నవంబరు 7వ తేదీని రష్యా కార్మికసంఘముపై దాడులు జరిగెను. డిసెంబరు 21వ తేదీని బూఫర్డు అను ఓడపై 249 మందిని రష్యాకు బంపివేసిరి. ఎమ్మా గోల్డ్‌మను, అలెగ్జాండరు బెర్కుమను వారిలోని వారు. 1920 జనవరి 2వ తేదీ రాత్రి ముప్పదికి పైగా పట్టణములలో నొక్కమారుగా సోదాలు సాగెను. వేలకొలది జనులు పట్టుబడిరి. వారిలో పెక్కుమందికి వారంటు లేదు. డెట్రాయిటులో సుమారు 800 మందిని ప్రభుత్వభవనమందలి యొక యిరుకు నడవలో దినముల తరబడి నుంచిరి. విచారణారంభముననే న్యాయవాదిని బెట్టుకొను హక్కును నిందితునకు దెలుపవలయునను నియమమును, ఈ దాడులకు ముందు డిసెంబరు చివరనే సడలించి యుండిరి. ఉత్తరపాద మీ విధముగా దీసివేయబడెను.

ఈ క్రమము నెదిరించిన వారిలో ముఖ్యుడు ప్రభుత్వోద్యోగియే యగుట విశేషము. 1920 మార్చిలో కార్మికశాఖ కార్యదర్శి సెలవులో నుండగా, డెబ్బదియేండ్ల వృద్ధుడగు లూయీ పోస్టు ఆ యధికారమును వహించెను. అతడు కాగితముల కట్టలను దెప్పించి యొక్కొక్కని వృత్తాంతమును వేరువేరుగా జదివెను. అతని నిర్ణయములకు మూడు సూత్రము లాధారములు. మొదటిది: తెలిసి చేరినవాడే సభ్యుడు. ఒక పార్టీ పట్టికలోని పేళ్లను మరియొక పార్టీవారు మూకుమ్మడిగా దమ పట్టికలోనికి మార్చుకొనిరి. అట్లు తనకు దెలియకయే పేరు చేరినవానిని సభ్యుడనరాదు. రెండవది: అక్రమమగు సోదాచే లభించిన పత్రము సాక్ష్యము కాదు. మూడవది: న్యాయవాది లేనివేళ, హక్కు తెలియనివేళ, చెప్పించిన మాట యొప్పుకోలు కాదు. ఏప్రిలు మధ్యనాటికే సుమారు 1,600 అభియోగములను బరిశీలించి, నూటికి డెబ్బదింటికి పైగా రద్దుచేసెను.

పామరు పక్షమువారు కుపితులైరి. పోస్టును బదవినుండి తొలగింపవలయునని కాంగ్రెసులో ప్రస్తావనలు బయలుదేరెను. మే 1వ తేదీని విప్లవము పుట్టునని పామరు హెచ్చరించెను గాని యా దినము ప్రశాంతముగా గడచెను. ఆ మాసముననే పోస్టు కాంగ్రెసు ఉపసంఘము నెదుట నిలిచి తన సూత్రములను వివరించెను; తొలగించు ప్రయత్న మంతటితో నిలిచిపోయెను. మే 28వ తేదీని ఫెలిక్సు ఫ్రాంక్‌ఫర్టరు, జకరయా చాఫీ, రాస్కో పౌండు మొదలగు పన్నిద్దరు న్యాయకోవిదులు న్యాయశాఖవారి యక్రమములను సాక్ష్యములతో బ్రకటించిరి. జూనులో బోస్టను న్యాయాధిపతి జార్జి ఆండర్‌సను ఖైదీల పక్షమున దీర్పు చెప్పెను.

పౌరులగువారి గతి వేరు. వారిని దేశమునుండి పంపివేయుటకు వీలులేదు గాన యుద్ధకాలపు శాసనములచే జెరపెట్టిరి. 1918 జూనులో కాంటను పట్టణమున జేసిన యుపన్యాసమునకై యూజీను డెబ్సునకు పదియేండ్ల శిక్ష పడెను. 1920 ఎన్నికలలో నతడు కారాగృహమునుండియే యధ్యక్షపదవికి నిలిచి తొమ్మిదిలక్షలకు పైగా వోట్లు పొందెను. 1921 డిసెంబరులో గాని విడుదల కాలేదు. అట్టి ఖైదీల పక్షమున నుద్యమించుటకు 1920 జనవరిలో రోజరు బాల్డ్విను మొదలగువారు అమెరికా పౌరస్వాతంత్ర్యసంఘమును స్థాపించిరి.

పోస్టు చరిత్రలో నొక విషయము మరువరాదు. ఎమ్మా గోల్డ్‌మనును బంపివేయు నుత్తరువుపై సంతకము చేసినవాడు నతడే. శాసనము తనకు వేరుమార్గ మియ్యలేదని యతని నమ్మకము. కావున నతడు రక్షించినది నిందితుల మతమును గాదు, వారి విచారణను. దుష్టశాసనమును నిష్పక్షపాతముగా నమలుజరిపినను కొంత యన్యాయము మిగిలియే యుండును. దానిని మార్చుట శాసనసభల పని. అయినను, ఒక్కొక్కని మాట వేరుగా వినవలయునను నియమము నిలిచినంత మాత్రముననే వేయిమందికి పైగా దేశబహిష్కారము తప్పెను. ఉత్తరపాదమునకు గల బలమట్టిది.